పన్నెండు ఉక్కు బిళ్లలు

14 జూలై 1985, ఆదివారం. నందిగామ

గైడ్ గారి ఉత్తరం నిన్న వచ్చింది. ఆగస్టు 5, 6 తేదీల్లో ల్యాబ్‌లో అయాన్ ఇంప్లాంటర్ మెషీను నాకే. రెండే రోజులు. తప్పితే మళ్లీ ఏడాది దాకా దొరకదట. ఈలోగా నా పిహెచ్.డి. గడువు అయిపోతుంది.

నా పని ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్పమని కాలేజీ స్టాఫ్ రూములో తోటి లెక్చరర్లు అడిగితే చెప్పాను. బేరింగు ఉక్కు చాలా గట్టిది, కాని తడి తగిలితే తుప్పు పడుతుంది. పైన పూత పూస్తే రాపిడికి ఊడిపోతుంది. అందుకని ఆ మెషీనుతో క్రోమియం అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులను, మహా వేగంతో ఉక్కు పైపొరలోకే దూర్చి చూడాలి. కొలత మారదు, గట్టిదనం పోదు. మరి తుప్పు ఆగుతుందా రాజరాజేశ్వరీ, అన్నారు. అది నాకూ తెలియదన్నాను.

20 జూలై

జగ్గయ్యపేట వెళ్లాను. లేత్ షాపు ఇశ్రాయేలు గారు నా పరీక్షకి బేరింగు ఉక్కుతో పన్నెండు బిళ్లలు కోసి, అద్దంలా పాలిష్ చేసి ఉంచారు. ఒక్కొక్కటి రూపాయి బిళ్లంత. తిరుగు బస్సులో ఆగలేక ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను.

27 జూలై, శనివారం

బిళ్లలు దాచిన డబ్బా తెరిస్తే తొమ్మిదింటి మీద గోధుమరంగు మచ్చలు.

వెంటనే జగ్గయ్యపేట బస్సెక్కాను. షాపులో నలుగురు రైతులు మోటారు రిపేరు కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే అడిగేశాను, ఇదేనా మీ పనితనం అని. ఇశ్రాయేలు గారు ఒక బిళ్లను వెలుతురుకి తిప్పి తిప్పి చూశారు. శుక్రవారానికి మళ్లీ చేసిస్తానన్నారు. ఒకటి మాత్రం నా దగ్గర ఉంచుకుని మిగతావి ఇచ్చి వచ్చాను.

29 జూలై

కాలేజీ మైక్రోస్కోపు కింద ఆ బిళ్ల పెట్టాను. మచ్చ కాదు. సన్నటి గీతలు, సుడి తిరిగి ఉన్నాయి. ఆఫీసులోంచి స్టాంపు ప్యాడ్ తెచ్చి బొటనవేలు కాగితం మీద అద్దాను.

నాదే.

30 జూలై

సెలవు పెట్టి, ఉంచుకున్న బిళ్ల కూడా పట్టుకుని వెళ్లాను. షాపులో జనం ఉన్నప్పుడే చెప్పాలనుకున్నాను, అలాగే చెప్పాను. "తప్పు నాదండీ. అవి నా వేలిముద్రలు, ముట్టుకున్న చోట చెమటకి తుప్పు పట్టింది."

ఆయన లేత్ ఆపారు. "ఆ రోజే తెలిసిందండీ. నా వేలు అంత సన్నం కాదుగా."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే మీరు సిగ్గుపడి ఇంకో షాపు చూసుకుంటారు. వాడికి ఈ పాలిష్ రాదు. మీ పని ఆగిపోద్ది."

బల్ల మీద కూర్చుని ఆయన ఇచ్చిన టీ తాగాను.

2 ఆగస్టు, శుక్రవారం

పాలిష్‌కి వాడే ముఖమల్ గుడ్డ మధ్యాహ్నం నేను జగ్గయ్యపేట వెళ్లేసరికే చిరిగిపోయిందట. బజారులో దొరకలేదు. ఇశ్రాయేలు గారి భార్య రత్తమ్మ గారు ఇంట్లో హార్మోనియం మీద కప్పే ముఖమల్ తీసి కత్తిరించి ఇచ్చారు. ఆవిడ ఆదివారం ఆరాధనలో అది వాయిస్తారు. వద్దంటే, గుడ్డ లేకపోతే హార్మోనియం పలకదా అని నవ్వారు.

పన్నెండూ నూనె కాగితంలో చుట్టి ఇచ్చారు. నేను గ్లవ్స్ వేసుకునే అందుకున్నాను. ఇద్దరూ చూసి మెచ్చుకోలుగా తలూపారు.

6 ఆగస్టు

అయిపోయింది. పోల్చి చూడడానికి ప్రతి బిళ్లకూ సగం మూసి, సగం మీదే క్రోమియం. రెండు రోజులూ మెషీను ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక ఆపరేటరుకి పెట్టాను.

24 ఆగస్టు, శనివారం

ఉప్పునీళ్లలో మూడు రోజులు ఉంచిన బిళ్లలు ఇవాళ తీశాను. మూసిన సగం అంతా తుప్పు. రెండో సగంలో నా కళ్లద్దాలు కనిపిస్తున్నాయి. ఏళ్ల తరబడి నిలుస్తుందో లేదో ఇంకా చూడాలి. అయినా జవాబంటూ ఒకటి వచ్చింది.

కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చాను.

9 నవంబరు 1986, ఆదివారం

నా పరిశోధన పేపరు జర్నల్లో అచ్చయింది, పాతిక కాపీలు పంపారు. చివర కృతజ్ఞతల్లో ఇశ్రాయేలు గారి పేరుంది. మొదట ల్యాబ్ వాళ్ల పేర్లే చాలని గైడ్ గారు అన్నారు. ఆ బిళ్లలు లేకపోతే నేనూ లేనని రాశాను. ఒప్పుకున్నారు.

ఒక కాపీ ఆయన ఇంటికి పట్టుకెళ్లాను. చర్చి నుంచి అప్పుడే వచ్చారు. చేతులు కడుక్కుని తుడుచుకుని, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని తన పేరు చదువుకున్నారు. రత్తమ్మ గారికి చూపించారు. మళ్లీ చదివారు.

"బాగుందండీ. ఊరు వెయ్యలేదేం?"

10 నవంబరు

మిగిలిన ఇరవై నాలుగు కాపీల మీదా ఆయన పేరు పక్కన ఇంకుతో రాశాను. జగ్గయ్యపేట.