లెక్కలోకి రాని మేడగది

మంగళవారం రాత్రి, నరసరావుపేట

మేం కొనబోయే ఇంటికి ఇవాళ బ్యాంకు పంపిన ఇంజినీరు విలువ కట్టాడు. మేం ఒప్పుకున్న ధరకన్నా చాలా తక్కువ. మేడగదికి ప్లాను లేదట, అందుకని దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. నా బల్ల ఏ మూల వేసుకోవాలో కూడా అనుకున్న గది అదే. కిటికీ తెరిస్తే దూరంగా కోటప్పకొండ కనిపిస్తుంది.

ఇక లోను సరిపోదు. బ్యాంకు తక్కువ విలువ కడితే అడ్వాన్సు తిరిగివ్వాలని ఒక ముక్క రాయించమని అగ్రిమెంటు రోజే అన్నాను. నాన్న కసిరాడు. “పసుపు పెట్టిన కాగితం మీద చెడిపోయే మాటేందే?” ఇల్లమ్మే మస్తాన్ బాబాయి నవ్వాడు. “రాయించన్నా, పిల్ల నీకంటే నయం.” అయినా నాన్న రాయించలేదు.

ఇవాళ సాయంత్రం నాన్న అడ్వాన్సు తిరిగిమ్మని అడగలేక అడిగితే, బాబాయి తల దించుకుని “రేపు చెప్తాలే అన్నా,” అన్నాడు. ఈసారి నవ్వలేదు.

అడ్వాన్సు తిరిగొస్తే అమ్మకి నిద్ర పడుతుంది. చెప్పుకోడానికి సిగ్గే గానీ, ఆయన ఇవ్వనంటే బాగుండని నాకుంది. ఇవ్వనన్నంత కాలం ఆ కిటికీ ఇంకా కొంచెం మాదే.