మూడు వందల గుర్రాలకు నాలుగు ముసలి డెక్కలు

అట్-బాషి, అక్టోబరు 6

చిరంజీవి మేనల్లుడు ఇల్గిజ్‌కు, మేనమామ కల్ముర్జా ముందు ఆశీర్వదించి, ఆ వెంటనే అనుమానించి రాసేది ఏమంటే,

ఇక్కడ మేము క్షేమం. గొర్రెలు క్షేమం. పరువు ఒక్కటే బాగా లేదు.

మొన్న ఆదివారం జరిగింది మొదటినుంచీ రాస్తాను. నువ్వక్కడే ఉన్నావని నాకు తెలుసు. కానీ ఇందులో నాకేదో కుట్ర కనిపిస్తోంది, కాగితం మీద పెడితే గానీ తేలదు. మీ నాన్న లేడు గనక పెద్దరికం నాది. బెగిమైకి చెవిపోగులు పెట్టి, వాళ్ళ నాన్న మొల్దోగాజీకి మన చేత్తో గొర్రె తోక కొవ్వు, కాలేయం తినిపించి సంబంధం ఖాయం చేసుకుందామని బయల్దేరాం. నీ నల్ల కారుకి మూడు వందల గుర్రాల బలమని దారి పొడుగునా చెప్పావు. సరేనన్నాను.

కిజిల్-బెల్ కొండ ఎగుడు దగ్గర సన్నటి వాన, అందులో నాలుగు మంచు పలుకులు. మొల్దోగాజీ వాకిలి కళ్ళెదుటే ఉంది. మూడు వందల గుర్రాలూ ఒక్కసారి సకిలించాయి, వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, కారు మాత్రం మొండి మేకలా పక్కకి నడిచింది. ఆ తర్వాత వెనక్కి నడిచింది. పిల్లని అడగడానికి వచ్చినవాళ్ళు వెనక్కి జారడం నేనెక్కడా చూడలేదు. మన గొర్రెను వేసుకుని వెనకాలే వస్తున్న పాత రష్యన్ కారు మనల్ని దాటుకుని దర్జాగా పైకెళ్ళింది. గొర్రె కిటికీలోంచి నన్ను చూసింది.

అప్పుడు మొల్దోగాజీ రెండు రాళ్ళు పట్టుకుని దిగి వచ్చాడు. వెనక చక్రం పక్కన చతికిలబడి, రాయి పెడుతూ కారు కిందికి తొంగిచూసి, మీసంలో నవ్వుకున్నాడు. ఎందుకు నవ్వాడు? ఇది రాసి పెట్టుకో. ఆ తర్వాత నా కిటికీ దగ్గరికొచ్చి, “నవంబరు మొదటి ఆదివారం దాకా గడువు. తప్పెక్కడుందో తేల్చుకుని రండి. తేలకపోతే రావద్దు,” అన్నాడు. నేను కారు దిగలేదు. పెద్దమనిషిని, బురదలో దిగి తోయకూడదు.

చెవిపోగులు ఇంకా నా కోటు జేబులోనే ఉన్నాయి. నాలుగు వారాల్లో ఇది తేలకపోతే బెగిమై నీకు దక్కదు. ఆలోచించు.

నీ మేనమామ,
కల్ముర్జా

తా.క. ఫోన్ చెయ్యకు. ఫోన్లో మూడోవాడు వింటాడు. వ్యాను డ్రైవరు తిలెక్ చేతికే ఉత్తరాలివ్వు. ఈ మడతలో నా గుర్రం తోరు తోక వెంట్రుక ఒకటి పెట్టాను. అది లేకపోతే తిలెక్ చదివినట్టే.

తా.క. తోరు పేరెత్తానని ఆశ పెట్టుకోకు. మేనల్లుడు అడిగితే మేనమామ కాదనకూడదన్న రివాజు నాకూ తెలుసు. అందుకే అడక్కు.


బిష్కెక్, అక్టోబరు 10

మామయ్యకు ఇల్గిజ్ సలాములు.

ఉత్తరం అందింది. చదివి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. బెగిమైతో ఫోన్లో మాట్లాడాను. (నువ్వు వద్దన్నా మాట్లాడతాను, ఆమెకి తిలెక్ చేతికి ఉత్తరాలివ్వలేను.) వాళ్ళ నాన్న ఏమడిగినా టీ తాగుతూ తాగుతూ తనలో తాను నవ్వుకుంటున్నాడట. ఆమె మాత్రం ఏడుస్తోంది. వచ్చే నెలలో నేను ఆ వాకిట్లోకి రాకపోతే ఇంకెవరో వస్తారని భయం.

ఉన్నమాట చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. నాకు నీ మీదే అనుమానం. మొదట్నుంచీ నీకా కారంటే గిట్టదు. దాని దీపాలు మోసగాడి కళ్ళలా ఉన్నాయన్నావు. బయల్దేరేముందు చక్రాన్ని కాలితో తన్ని ఏదో గొణిగావు. పైగా డిక్కీలో రెండు బస్తాల పిండి, అత్తయ్య టీ కాచే రాగి సమోవారు. ఏం గొణిగావు మామయ్యా?

చక్రాలంటావా, వాటిలో లోపం ఉండే అవకాశమే లేదు. పందెపు కార్లకు వేసే వేసవి టైర్లు అవి. వెడల్పాటివి. ఆగస్టులో ఇక్కడ బజార్లో కొన్నాను. వాడినవే గానీ ఒక్క వేసవి మాత్రమే తిరిగాయని అమ్మినవాడు చెప్పాడు. ఆగస్టు ఎండలో రోడ్డుకి బంకలా అతుక్కున్నాయి.

నీ మేనల్లుడు,
ఇల్గిజ్

తా.క. మడతలో వెంట్రుకలు రెండున్నాయి. ఒకటి గుర్రానిది. రెండోది పొడుగ్గా, సన్నగా, నెరిసి ఉంది.

తా.క. తోరును అడగను. ప్రస్తుతానికి.


అట్-బాషి, అక్టోబరు 14

చిరంజీవి ఇల్గిజ్‌కు, తన మేనల్లుడి చేతనే అనుమానించబడిన కల్ముర్జా గుండె రాయి చేసుకుని రాసేది,

నేను గొణిగింది ఆశీర్వాదం. ఇకమీదట గట్టిగా గొణుగుతాను.

రెండో వెంట్రుక సంగతి చదివి రెండు రాత్రులు నిద్ర లేదు. తిలెక్‌ది బట్టతల. అందుకని వాడి మీద నా అనుమానం మరీ ఎక్కువైంది.

నిన్న ఒక్కణ్ణే కిజిల్-బెల్ వెళ్ళాను. మన కారు జారిన చోట మోకాళ్ళ మీద కూర్చుని అడుగడుగూ వెతికాను. ఏం దొరికిందనుకున్నావు? కొవ్వు! రాళ్ళ సందుల్లో తెల్లగా గడ్డకట్టిన కొవ్వు. మొల్దోగాజీ ముందే రోడ్డుకి కొవ్వు రాశాడు. పిల్లనివ్వడం ఇష్టంలేక మనల్ని జార్చాడు. రుజువు కోసం కొంచెం నాలిక మీద వేసుకున్నాను. గొర్రె కొవ్వే. సరిగ్గా అప్పుడే మొల్దోగాజీ గొడ్లను తోలుకుంటూ అటు వచ్చి, నా తలపైన నిలబడి, “రుచి ఎలా ఉంది వియ్యంకుడా?” అన్నాడు.

వియ్యంకుడా అన్నాడు చూశావా! సంబంధం కుదరకుండానే అంత మర్యాద ఎందుకు? మర్యాద చేసేవాడి దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

మీ అత్తయ్య సోనున్ ఏమంటుందంటే, ఆ రోజు కారు వెనక్కి జారినప్పుడు మన కొవ్వు గిన్నే తలుపులోంచి దొర్లిందట. ఆడవాళ్ళు ప్రతిదాన్నీ తేలిగ్గా తీసుకుంటారు. ఆ కొవ్వు పొట్లం కట్టి తిలెక్ చేత పంపుతున్నాను. పట్నంలో పరీక్ష చేయించు. దారిలో ఎవడూ మార్చకుండా పొట్లం మీద మన గొర్రెల గుర్తు వేశాను. ఆకుపచ్చ రంగు నెలవంక, కింద రెండు గీతలు. నాది అన్న ప్రతి వస్తువు మీదా అది ఉంటుంది. చివరికి సోనున్ సమోవారు అడుగున కూడా ఉంది, ఆమెకి తెలియదు.

కల్ముర్జా

తా.క. సమోవారు సంగతి ఆమెకి ఇప్పుడు తెలిసిపోయింది. ఎలా తెలిసిందో తెలియదు.


బిష్కెక్, అక్టోబరు 19

మామయ్యకు ఇల్గిజ్ సలాములు.

కొవ్వు అందింది. పొట్లం మీది గుర్తు చెక్కుచెదరలేదు. పరీక్ష చేయించలేదు, మా గది యజమానురాలి పిల్లి తినేసింది. అది క్షేమం. కాబట్టి మొల్దోగాజీ గారిని వదిలెయ్.

దోషి దొరికింది మామయ్యా. చక్రాలే!

కారును మెకానిక్ బోరోంబాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఇంజను మూత కూడా తెరవలేదు. టైరు మీద బొటనవేలి గోరు గుచ్చాడు. గోరు దిగలేదు, విరిగింది. “ఇది రబ్బరు కాదు తమ్ముడూ, కొమ్ము. వేసవి టైరు చలి తగిలితేనే బిగుసుకుపోతుంది. ఇది ముసలిది కూడా. ఇంత బలమైన కారుకి వీటిని తొడిగి కొండెక్కావా? బతికొచ్చావు, సంతోషించు,” అన్నాడు. పక్కన చెక్కిన నాలుగు అంకెలు చూపించాడు, 2201. అంటే రెండువేల ఒకటో సంవత్సరం, ఇరవై రెండో వారంలో పుట్టింది. ఎనిమిదేళ్ళు! పైపెచ్చు టైరు మీది గాళ్ళను ఎవరో కత్తితో లోతుగా చెక్కి, నల్ల రంగు పూసి కొత్తగా మెరిపించారు.

బజారుకి పరిగెత్తాను. అమ్మినవాడు నెత్తీ నోరూ బాదుకున్నాడు. “నేనూ మోసపోయాను! వసంతంలో కొండల్లో ఒక ముసలాయన రొట్టె మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాడు, రోడ్డు మీద ఒక్క వేసవే తిరిగాయని,” అన్నాడు.

రొట్టె మీద ప్రమాణం చేసి మోసం చేసే మనిషి ఉంటాడా మామయ్యా?

ఇల్గిజ్

తా.క. ఈసారి కూడా రెండో వెంట్రుక ఉంది. కొంచెం వెన్న వాసన వస్తోంది.


అట్-బాషి, అక్టోబరు 23

చిరంజీవి ఇల్గిజ్‌కు, పట్టరాని కోపంతో కల్ముర్జా రాసేది,

చూశావా! నేను ముందే అన్నాను, ఇందులో కుట్ర ఉందని!

నలభై ఏళ్ళుగా గుర్రాల నోళ్ళు తెరిచి చూస్తున్నాను. ముసలి గుర్రం పళ్ళను ఆకురాయితో రుద్ది, పడుచుదని అంటగట్టే దొంగల్ని ఎంతమందిని పట్టుకోలేదు? ఇదీ అదే విద్య. పళ్ళకు బదులు గాళ్ళు. ఎనిమిదేళ్ళ రబ్బరును పందెపు కారుకి తొడిగించి, నా మేనల్లుడి బతుకును కొండ మీంచి జార్చబోయాడు. ఆ రోజు కారు లోయవైపు జారి ఉంటే? అందులో మీ అమ్మ కూర్చుని ఉంది. సోనున్ ఉంది.

టీ దుకాణంలో అందరి ముందూ లేచి నిలబడి చెప్పాను. ఆ ముసలి దొంగ ఎవడైనా సరే, వాణ్ణి గాడిద మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, కిజిల్-బెల్ ఎగుడు ఎక్కించి, మొల్దోగాజీ వాకిట్లో అందరి ఎదుటా నిజం చెప్పిస్తాను అని. రొట్టె మీద చెయ్యి వేసి చెప్పాను. మొల్దోగాజీ అక్కడే ఉన్నాడు. “మాట మీద నిలబడతావా?” అన్నాడు. “నిలబడకపోతే నా పేరు కల్ముర్జా కాదు,” అన్నాను. టీ ఆయనే పోయించాడు. నేను తాగలేదు. ఎందుకు పోయించాడో తెలియదు గదా.

వాడి ఆనవాళ్ళు కనుక్కుని వెంటనే రాయి. గడువు ఇంకో తొమ్మిది రోజులే.

కల్ముర్జా

తా.క. గాడిద కోసం ఇప్పటినుంచే చూస్తున్నాను. మొండిది కావాలని చెప్పాను.


బిష్కెక్, అక్టోబరు 26

మామయ్యకు ఇల్గిజ్ సలాములు.

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

ఇవాళ చక్రాలు నాలుగూ ఊడదీయించాను. లోపలివైపు, అంటే కారు కింద పడుకుంటే తప్ప కనపడని వైపు, ఆకుపచ్చ రంగుతో నెలవంక, కింద రెండు గీతలు. నాలుగింటికీ!

మళ్ళీ బజారుకి వెళ్ళి ఆ ముసలాయన ఎలా ఉంటాడని అడిగాను. ఎడమ కన్ను చికిలించి చూస్తాడట. వ్యాపారి నంబరు ప్లేటును అరచేతిలో రాసుకున్నాడట. తన ఫ్లాస్కు ఎవరూ ముట్టుకోకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. అచ్చం నీలా వేషం వేశాడు మామయ్యా!

నాకు అంతా అర్థమైంది. నీ కోళ్ళ గూటి చుట్టూ నాలుగు పాత టైర్లుండేవి, కోళ్ళు వాటిలో గుడ్లు పెట్టేవి, గుర్తుందా? ఎవడో నీ వేషంలో వచ్చి, నీ వాకిట్లోంచి నీ టైర్లు దొంగిలించి, నీ పేరు చెడగొట్టాడు. ఎంత తెగింపు! ఆగలేక మొల్దోగాజీ గారికి ఫోన్ చేసి, మా మామయ్య ఇంట్లో దొంగతనం జరిగిందని చెప్పేశాను. ఆయన చాలాసేపు దగ్గారు.

పోలీసులకి చెప్పమంటావా?

నీ మేనల్లుడు,
ఇల్గిజ్

తా.క. గాడిద దొరికిందా?


అట్-బాషి, అక్టోబరు 29

చిరంజీవి ఇల్గిజ్‌కు, కల్ముర్జా రాసేది.

పోలీసులకి చెప్పకు.

నీ ఉత్తరం నాకంటే ముందు సోనున్ చదివింది. రొట్టె, టీ నా ముందు పెట్టి, సమోవారును తలకిందులు చేసి గుర్తు నావైపు తిప్పి, “గాడిదను పక్కింట్లో అడిగొచ్చాను. ఎక్కుతావా, నన్ను ఎక్కించమంటావా?” అంది.

చెప్పేస్తున్నాను. ఎనిమిదేళ్ళ క్రితం ఒక జర్మన్ పందెపు కారులో కొండలెక్కడానికి వచ్చి, గేర్లు విరగ్గొట్టుకుని, కారును లారీ మీద వేసుకుపోతూ టైర్లు నాకిచ్చాడు. ఒక్క వేసవే తిరిగినవి. ప్రమాణం అబద్ధం కాదు. ఆ తర్వాత కోళ్ళ కింద ఎనిమిది చలికాలాలు గడిపిన సంగతి వాడు అడగలేదు, నేను చెప్పలేదు. డెక్కలు చెక్కే కత్తితో గాళ్ళు చెక్కింది నేనే. బూటు పాలిష్ పూసింది నేనే. వసంతంలో నువ్వు బెగిమై గురించి చెప్పినప్పుడు, పిల్లకి మంచి చెవిపోగులు పెట్టాలని ఆశపడి అమ్మాను. అవి కొన్నది ఆ డబ్బుతోనే. అంటే దళారి వాటా పోను, నీ డబ్బుతో నువ్వే కొన్నావు. ఆ టైర్లు తిరిగి తిరిగి నీ కారుకే వస్తాయని నాకేం తెలుసు?

గాడిద ఎక్కాను. వెనక్కి తిరిగే కూర్చున్నాను. ఊరంతా వాకిళ్ళలోకి వచ్చింది. వెనక్కి కూర్చోవడంలో ఒక లాభం ఉంది, ఎవరెవరు నవ్వారో అందరూ కనిపిస్తారు. పేర్లు రాసుకున్నాను. కిజిల్-బెల్ మీద మంచు పడుతోంది. గాడిద ఒక్కసారి కూడా జారలేదు.

మొల్దోగాజీ వాకిట్లో దిగకుండానే అంతా చెప్పాను. కారులో మీ అమ్మ కూర్చుని ఉందన్న చోట సిగ్గుతో ఏడ్చాను.

ఆయన గాడిద తల పట్టుకుని అన్నాడు. “ఆ రోజు రాయి పెడుతూనే నీ గుర్తు చూశాను. ముప్పై ఏళ్ళు నీ గొర్రెలకు సూదులు వేసిన పశువుల డాక్టర్ని, ఆ నెలవంక నాకు తెలియదా? సొంత మేనల్లుడికే ఇలాంటివి తగిలించినవాడు రేపు నా కూతురికి ఏం చేస్తాడోనని భయపడ్డాను. గడువిచ్చింది కారుకి కాదు, నీకు. నన్ను అనుమానించావు, తిలెక్‌ను అనుమానించావు, రోడ్డును నాకి మరీ అనుమానించావు. ఒక్క నిన్ను తప్ప అందరినీ అనుమానించావు కదయ్యా!”

ఆ తర్వాత నన్ను దించి, లోపలికి తీసుకెళ్ళి, టీ పోశాడు. ఈసారి తాగాను. బాగానే ఉంది.

ఆదివారం మీ అమ్మను తీసుకుని రా. చెవిపోగులు ఆమె చేత్తోనే పెట్టించాలి. కొవ్వు గిన్నెకు మూత కట్టమని సోనున్‌తో చెప్పాను. కారు తేవద్దు, ఇద్దరూ తిలెక్ వ్యానులో రండి.

నీ మేనమామ,
కల్ముర్జా

తా.క. రెండో వెంట్రుక సోనున్‌ది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమెను అనుమానించాలని తోచనే లేదు. ఇకమీదట ఉత్తరాలు ఆమెకే రాయి, ఒకసారి చదవడం తగ్గుతుంది.

తా.క. నువ్వు నిజంగా అమాయకుడివో, నన్ను ఆడించావో నాకింకా తేలలేదు.

తా.క. కిజిల్-బెల్ కింద తోరును కట్టేసి ఉంచుతాను. ఎగుడు దాని మీద ఎక్కు. ఆ తర్వాత అది నీదే. అడక్కుండా ఇస్తున్నాను. నాడాలు కొత్తవి, మంచులో జారని మేకులతో కొట్టించాను. పళ్ళు మాత్రం నువ్వే నోరు తెరిచి చూసుకో, నా మాట నమ్మకు.