మోలీలకు పోసిన క్యాన్ నీళ్లు

సంతోషమ్మ వదినకు,

పక్కింట్లోనే ఉంటూ ఉత్తరం రాశానని కోప్పడకు. నీ మొహం చూసి చెప్పలేను.

మీరు కడప పెళ్లికి వెళ్తూ మీ పాప ఆరాధన పెంచే మోలీ చేపల తొట్టి నాకు అప్పగించారు కదా. పాచి పట్టిందని నీళ్లన్నీ పారబోశాను. మన బోరు ఉప్పు నీళ్లు చుట్టాలకు ఇవ్వం, వీటికి మాత్రం ఎందుకని తాగే క్యాన్ నీళ్లు నింపాను. ఉప్పు నీళ్లకు అలవాటుపడిన చేపలు, తెల్లారేసరికి చచ్చి తేలాయి. మీరొచ్చేలోపు అలాంటి నల్లవే కొని వేశాను.

నిన్న చర్చిలో ఆరాధన లేచి సాక్ష్యం చెప్పింది. "మా అత్త నా చేపల్ని శానా బాగా చూసుకునింది. అన్నీ బతికే ఉండాయి. దేవునికి స్తోత్రం."

సంఘమంతా స్తోత్రం అంది. నువ్వు నా వైపు చూసి నవ్వావు. అప్పుడు నేనూ స్తోత్రం అన్నాను వదినా, అందరికంటే గట్టిగా.

నీ ఆడబిడ్డ