అందుకునేవాళ్ళు

2011 జూన్ 20, సోమవారం

పొద్దున వాన. పది దాటాక ఎండ. అభన్‌పూర్ వైపు చిన్న రైలు లైను మీద పని. వానకి కంకర జారి పట్టా పక్కకి జరిగింది. పన్నెండు మందిమి గడ్డపారలు వేసి సరిచేశాం. మోకాలు మళ్ళీ వాచింది.

క్లర్కు పరీక్షకి అప్లికేషన్ ఇచ్చాను. ఇదే ఆఖరు. మార్చిలో నలభై ఐదు దాటుతాయి, తర్వాత రాయనివ్వరు. తప్పితే రిటైరయ్యేదాకా ఈ మోకాలితో ఈ పట్టాలే. ఇంగ్లీషులో యాభై మార్కులు మాటలకి అర్థాలట. గుఢియారీలో పాత పుస్తకాల కొట్లో గైడు కొన్నాను.

జూన్ 24

నవ్య రోజుకి పది మాటలు చెప్తోంది. తొమ్మిదో క్లాసు. దానికి ఓపిక లేదు, నాకు బుర్ర లేదు. నాన్నా, నిన్నే కదా చెప్పాను, యాద్ ఎందుకుండదు నీకు అని పెన్సిలు విసిరింది. నేను మా నాన్న మీద ఏదీ విసరలేదు.

జూలై 1

గ్యాంగులో కూత వేసేది నేను. నేను ఒక మాట అంటే మిగతావాళ్ళు అందుకోవాలి. అందుకున్న ఊపుకి పట్టా కదలాలి. ఇన్నేళ్ళూ మాకు పని చెప్పే మేటు అచ్చయ్య మీసం మీద, ఇన్‌స్పెక్టర్ అత్తగారి మీద వేశాం. ఇవాళ విసుగొచ్చి గైడులో మాట వేశాను. రికాల్సిట్రెంట్! అర్థం ముందే చెప్పి ఉంచాను. మొండోడు, హైసా! అని పదకొండు మంది అందుకున్నారు. పట్టా కదిలింది.

జూలై 14

రెండు వారాల్లో ఎనభై మాటలు. ఫ్రూగల్ అంటే పొదుపరి. టాసిటర్న్ అంటే మూగమొహం. గర్రులస్ అంటే వాగుడుకాయ, అది అనేటప్పుడు అందరూ ఈశ్వర్ వైపు తిరుగుతారు. నోరు మూతపడని మనిషి. ఇంత లావు మాటకి పట్టా కదిలింది గాని బావా, దీంతో కొట్టోడు బీడీకట్ట ఇస్తాడేటి అన్నాడు. ఇన్‌స్పెక్టర్ ట్రాలీ ఆపి, ఇదేం భాష అని అడిగాడు. తమ భాషే సార్ అన్నాడు ఈశ్వర్. అచ్చయ్య తిట్లు సాయంత్రం దాకా తిన్నాం.

ఆగస్టు 9

లైను మీద ఒక్కటీ తప్పలేదు. ఇంట్లో నవ్య అడిగితే ఒక్కటీ రాలేదు. అలసట.

ఆగస్టు 22

ఈశ్వర్ కూడా అప్లికేషన్ పెట్టాడట. పుస్తకం ముట్టుకోనివాడివి, నీకెందుకురా అన్నాను. ఒక రోజు డూటీ తప్పుతాది కదా బావా అన్నాడు.

సెప్టెంబర్ 24, సాయంత్రం 6

ఇవాళ పరీక్ష. పేపరు తెరిచాను. అన్నీ తెలిసిన మాటలే. గర్రులస్ చూడగానే గొంతులో కూత లేచింది. తర్వాత ఆగాను. అందుకునేవాళ్ళ కోసం ఆగాను. ఎవరూ అందుకోలేదు. కింద నాలుగు అర్థాలున్నాయి, నాలుగూ నిజంలాగే ఉన్నాయి. మూడు నెలలు మాటలు నేనన్నాను, అర్థాలు వాళ్ళన్నారు. కూతలో ఒక్క అర్థం కూడా నా నోటితో నేను అనలేదు. ఈ సంగతి హాల్లో కూర్చున్నాక తెలిసింది.

రెండు బల్లల ముందు ఈశ్వర్. భుజాలు ఊగుతున్నాయి, గడ్డపార పట్టుకున్నట్టు.

బయట చెప్పాడు. మాట సూత్తే నీ కూతే ఇనబడ్డాది బావా, జవాబు దానంతటదే వచ్చీసినాది. చెప్పి బీడీ అడిగాడు. ఇచ్చాను.

సెప్టెంబర్ 25

గైడు అమ్మేద్దామని గుఢియారీ వెళ్ళాను. కొట్టు మూసి ఉంది.

అక్టోబర్ 28

లిస్టు వచ్చింది. మా గ్యాంగు నుంచి ఈశ్వర్ ఒక్కడే. మిఠాయి తెచ్చాడు. ఎప్పుడూ వాగేవాడు గుమ్మంలో నిలబడి డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. చివరికి, నానేటీ కావాలని సెయ్యలేదు బావా అన్నాడు. తెలుసు అన్నాను. తెలుసు గనకే ఒళ్ళు మండుతోంది. తిట్టడానికి మనిషి దొరకలేదు. నవ్య మిఠాయి తింది. నేను తినలేదు.

నవంబర్ 14

చలి. కూత ఇవాళ్టి నుంచి వెయ్యనన్నాను. అచ్చయ్య వేశాడు. గర్రులస్ అన్నాడు. వాగుడుకాయ అన్నాను. పట్టా కదిలింది.

ఈశ్వర్ పొద్దున ఆరుంబావు పాసింజర్‌కి బిలాస్‌పూర్ వెళ్ళిపోయాడు, కొత్త డూటీలో చేరడానికి.