వాగు దాకా

రాజవ్వా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ పట్నం నుంచి ఒక డాక్టర్ మన ఊరికొచ్చాడు. రోగులు దవాఖానకు చేరకముందే తోవలో ఎందుకు చనిపోతున్నారో ఊరూరా తిరిగి అడుగుతున్నాడట. మీ అవ్వ నీ సంగతి చెప్పింది. కాన్పయ్యాక నెత్తురు ఆగలేదనీ, ఎడ్లబండిలో మెట్‌పల్లి దవాఖానకు బయలుదేరితే వాగు దాటకముందే కన్ను మూశావనీ చెప్పింది.

"బండిలో ఆమెకు ఏం చేశారు?" అని ఆయన అడిగాడు.

"నా ఒళ్లె పండవెట్టుకున్న సాబ్. నాకింకేం తెలుస్తది?" అంది అవ్వ.

"మా ఊరికి దవాఖాన మోటరు వస్తదా సాబ్?" అన్నాను నేను.

"నేను విచారించి పైవాళ్లకు చెప్పగలను, అంతే. వాగు మీద వంతెన లేనిదే ఏ మోటరూ రాదు," అన్నాడు, నా మొహం చూడకుండా.

వచ్చేటప్పుడు ఎలాగో వాగు దాటిన ఆయన జీపు, తిరిగి పోయేటప్పుడు ఇసుకలో దిగబడింది. మన ఎడ్లను కట్టి ఒడ్డుకు లాగాను. దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఇంటికి రాగానే పక్కింటి మల్లయ్య వచ్చాడు. అతని భార్య కనకవ్వకు నెలలు నిండాయి.

"అన్నా, జర నీ బండి తయారుగ ఉంచు," అన్నాడు.

సరేనన్నాను. బండిలో గడ్డి కాస్త మందంగా పరిచి వచ్చాను.

నీ పోశెట్టి