నూనె రాసిన పిన్ను

కోసిగి, శుక్రవారం రాత్రి.

రేపు ఉదయం మా సంఘపు ఆడవాళ్లు, నా భార్య మార్తమ్మతో సహా, మా ట్రాలీలో ఆదోని సభలకు బయలుదేరుతారు. ట్రాలీని ట్రాక్టరుకు ఏ విధంగా తగిలించవలెనన్న విషయమై ఈ సాయంత్రం చర్చి ముందు సమావేశం జరిగినది. హాజరైనవారు నేను, ట్రాక్టరు నడిపే నా బావమరిది యేసేపు, దారికి అడ్డంగా నిలబడిన ఒక బర్రె.

ఇంతవరకు ఒక ఇనుప పిన్నును రంధ్రంలో దింపి వదిలేస్తున్నాము. గతుకు వచ్చినప్పుడల్లా అది పైకి లేస్తుంది. కనుక దానంతటదే మూసుకొని గడియ పడే కొక్కెం, దానికి తోడు ఒక గొలుసు అవసరమని ప్రతిపాదించాను.

"ఏం బావా, పాస్టరయ్య నూనె రాసి ప్రార్థన చేసిన పిన్ను అది. మారిస్తే సంఘం ఊరుకుంటాదా?"

"నూనె రాసినంకనే శానా జారతాండాది గదప్పా!"

"పిన్ను కాదు బావా, నీ విశ్వాసం జారతాండాది."

ఇంటికి వచ్చాక మార్తమ్మ కూడా తమ్ముడి పక్షమే వహించినది. ప్రతిపాదన వీగిపోయినది. నేను విశ్వాసినే. అయితే ఆ పిన్నును రెండు వేళ్లతో పైకి లాగి చూసినవాణ్ని కూడా నేనే.

అందుచేత చీకటి పడ్డాక దానిని తీసి నా దిండు కింద భద్రపరచడమైనది. అంగడి తెరిచాక కొత్త కొక్కెం తెచ్చి బిగించేవరకు ట్రాలీ కదలదు. మెడ నొప్పిగా ఉన్నా మనసు కొంత కుదుటపడినది.

యేసేపు పనిముట్ల పెట్టెలో ఆ రంధ్రంలో దిగేటట్టు పిన్నంత లావే ఉన్న బోల్టు ఒకటి ఉన్నట్టు ఇప్పుడే గుర్తుకు వచ్చినది.