లామినేషన్ చేసిన టెంపరరీ

జూన్ 3, సోమవారం. ఉదయం 7.
నిర్ణయం! నేటి నుంచి రోజుకో ఇంగ్లిష్ మాట. అర్థం, పుట్టుక, వాడుక, మూడూ నేర్చుకోవాలి. మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేనే. డిక్షనరీ పూర్తిచేసే మొదటిదాన్నీ నేనే అవుతాను.
మొదటి మాట నా ఉద్యోగంలోదే: టెంపరరీ. లాటిన్‌లో ‘టెంపుస్’ అంటే కాలం. దాన్నుంచి పుట్టింది. కొంతకాలమే ఉండేదని అర్థం.
అమ్మకి చెప్పాను.
“కొంతకాలమంటే ఎంతకాలమే?”
లాటిన్‌లో అది రాయలేదు.
శుక్రవారం నా పర్మనెంట్ సంగతి తేలుస్తానన్నారు సూపరింటెండెంట్ గారు. మెడలోని ఈ కాగితం కార్డు పోయి, గట్టి కార్డు వస్తుంది!

జూన్ 4.
రెండో మాట వెతికేలోపు ఆఫీసు లిఫ్టు ఆగిపోయింది. బోర్డు రాసే భాగ్యం నాకు దక్కింది. ‘లిఫ్టు టెంపరరీగా పనిచేయదు.’ వాడుక వచ్చేసింది!
“లామినేషన్ చేయించమ్మా,” అన్నారు సూపరింటెండెంట్ గారు.
“టెంపరరీయే కదండీ?”
“అందుకే. చాలాకాలం ఉండాలి.”

జూన్ 5.
నాలుగంతస్తులు ఎక్కి దిగాక లాటిన్ సరే, తెలుగే గుర్తురావడం లేదు. నిర్ణయం మానలేదు. టెంపరరీగా ఆపాను.

జూన్ 6.
‘పర్మనెంట్’ నేర్చుకుందామనుకున్నాను. రేపు ఎలాగూ వచ్చేదే కదా, తొందరేం?
అమ్మ గోడ మీదుగా పక్కింటి అత్తకి చెప్పేసింది. “మా పిల్ల పర్మనెంటు, వదినా!”
“గట్టి కార్డేదీ? చూపించు మరి.”
“రేపు చూద్దువుగానిలే!”

జూన్ 7, శుక్రవారం.
11 గంటలకు పిలుపు. “నీ కార్డు ఇలా ఇవ్వు,” అన్నారు సూపరింటెండెంట్ గారు. మెడలోంచి తీసి ఇచ్చేశాను. అటెండర్ బాబాయి పట్టుకెళ్లాడు.
మధ్యాహ్నం తెచ్చాడు. అదే ఫొటో. అదే ‘టెంపరరీ’ ముద్ర. పైన లామినేషన్.
“అంచులు చిరిగిపోతున్నాయి కదా. ఇక వానకి తడిసినా భయం లేదమ్మా,” అన్నారు సూపరింటెండెంట్ గారు.
“పర్మనెంట్ సంగతండీ?”
“చూద్దాం, చూద్దాం.”
బయటికి వస్తుంటే బాబాయి చెవిలో వేశాడు. “లిఫ్టు బోర్డుకీ నీకూ ఒకటే షాపు, తల్లీ.”

రాత్రి 8.
అమ్మ కార్డు తడిమి చూసింది. “అబ్బ, ఎంత గట్టిగా ఉందే!” నేను నోరు తెరిచేలోపు పక్కింటికి పరుగెత్తింది. అమ్మకి చదవడం రాదు. అత్తకీ రాదు. హమ్మయ్య, టెంపరరీగా.
సోమవారం నుంచి మళ్లీ రోజుకో మాట. ఈసారి ఖాయం! మొదటి మాట: టెంపరరీ. అమ్మ ప్రశ్నకి జవాబు దొరికాకే రెండోదానికి వెళ్తాను.